దూరాన్ని ఎక్కడి నుంచి కొలవాలి?

(నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల స్త్రీల సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నాకిచ్చిన విషయం చూడటానికి చిన్నదే. ఇద్దరు ముగ్గురు లాయర్లు, ఒక గుమాస్తా మాత్రమే ఉండి, స్త్రీల కేసులు చూసే ఆఫీసు దూరం నుంచి పనిచేసే పారాలీగల్‌ని ఎలా నియమించుకోవాలి? ఫోను, ఇంటర్నెట్ వచ్చాయి కనుక ఎక్కడో ఇంట్లో కూర్చున్న అమ్మాయి చేత తక్కువ ఖర్చుతో పిటిషన్లు రాయించుకోవచ్చని కొందరి ఆలోచన. చదువుకుని ఇంట్లో ఉండిపోయిన స్త్రీలకు ఇదొక ఉపాధి అని మరికొందరి ఆలోచన. రెండూ కొట్టిపారేయవలసినవి కావు. కానీ కేసు వేయవలసిన స్త్రీ ఎక్కడుందన్న ప్రశ్న ఈ రెండింటిలోనూ లేదు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

మనం 'దూరం' అంటున్నప్పుడు దాన్ని లాయరు బల్ల దగ్గర నుంచి కొలుస్తున్నాం. చందంపేట తండాలో ఉన్న స్త్రీకి నల్గొండ దూరం. అమ్రాబాద్ చెంచుపెంటలో ఉన్న స్త్రీకి నాగర్‌కర్నూల్ దూరం. 2016లో జిల్లాలు విడగొట్టాక కలెక్టరాఫీసులు కొంత దగ్గరయ్యాయేమో గానీ కూలి పోగొట్టుకుని, పిల్లల్ని ఎవరికో అప్పగించి, బస్సు ఛార్జీ పెట్టుకుని లాయరు ముందు కూర్చోవడం దగ్గర కాలేదు. మక్తల్, నారాయణపేట వైపు నుంచి ముంబై, పుణెలకు వలసపోయిన స్త్రీకైతే కేసు ఒక రాష్ట్రంలో, కూలి మరో రాష్ట్రంలో. వీళ్లందరికీ దూరంగా ఉన్నది లాయరే. అందుచేత పారాలీగల్ ఆఫీసుకు దూరంగా ఉండటంలో తప్పు లేదు, ఆమె బాధిత స్త్రీకి దగ్గరగా ఉన్నంతవరకు. ఇద్దరికీ దూరంగా, నగరంలో కంప్యూటరు ముందు కూర్చునే మనిషి వల్ల ఆఫీసుకు ఖర్చు తగ్గుతుందేమో, స్త్రీకి దూరం తగ్గదు.

ఇది మనకు కొత్త కాదు. ఆంధ్రప్రదేశ్ మహిళా సమత సొసైటీ 1990ల మొదట్లో మహబూబ్‌నగర్, మెదక్ జిల్లాల్లోనే పని ప్రారంభించింది. చట్టం గురించి నాలుగు మాటలు తెలిసిన సంఘం స్త్రీలు పోలీసు స్టేషను దాకా తోడు వెళ్లడం అక్కడ మామూలు పనిగా మారింది. ఆ తర్వాత 2000లలో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, అదే సెర్ప్, ఇందిరా క్రాంతి పథం కింద పేదల భూమి సమస్యల కోసం పారాలీగల్‌లకు శిక్షణ ఇచ్చింది. వాళ్లు గ్రామీణ పేద కుటుంబాల యువత. రికార్డులు చూసి, పొలం దగ్గరికి వెళ్లి, తహసీల్దారు ఆఫీసులో దరఖాస్తు నడిపించేవారు. లాయరు జిల్లాలో, పారాలీగల్ మండలంలో. ఈనాడు మనం కొత్త పేరుతో పిలుస్తున్న ఏర్పాటు అదే.

దగ్గరితనం వల్ల ఏం తెలుస్తుంది? రెండు ఉదాహరణలు చెబుతాను.

తండ్రి భూమిలో వాటా కావాలని ఒక లంబాడీ స్త్రీ వచ్చిందనుకోండి. దూరాన కూర్చున్న మనిషి తన దగ్గరున్న నమూనా తీసి, హిందూ వారసత్వ చట్టం 2005 సవరణ ప్రకారం సమాన వాటా అని రాసేస్తుంది. కానీ ఆ చట్టం 2(2) సెక్షన్, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప, షెడ్యూల్డు తెగలకు వర్తించదని చెబుతోంది. తెలంగాణలో లంబాడీలు 1970ల నుంచి షెడ్యూల్డు తెగ. అందుకని ఆమెకు దారి మూసుకుపోయిందని కాదు. 2025 జూలైలో సుప్రీంకోర్టు రామ్‌చరణ్ కేసులో ఒక గోండు కుటుంబపు స్త్రీ వారసులకు సమానత్వ సూత్రం మీద వాటా ఇచ్చింది. కేసును వేరే పునాది మీద నిలబెట్టాలి. 'మీరు ఏ తెగ? మీ తండాలో ఆడపిల్లకు భూమి ఇచ్చిన ఇల్లు ఏదైనా ఉందా?' అని మొదటి రోజే అడగగలిగిన మనిషి కావాలి.

రెండోది, పహాణీ. భూమి రికార్డు ఇప్పుడు ఎక్కడ కూర్చునైనా చూడొచ్చు. 2020లో ధరణి వచ్చింది, 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. అయితే ధరణిలో సాగుదారు కాలం లేకుండా పోయింది. పట్టా భర్త పేరునో బావగారి పేరునో ఉండి, ఇరవై ఏళ్లుగా నాట్లు వేసి కలుపు తీసిన స్త్రీ ఆ తెరమీద ఎక్కడా కనిపించదు. చుట్టుపక్కల పొలాల వాళ్లను అడిగితే కనిపిస్తుంది.

అయితే దగ్గరితనాన్ని పూజించనక్కర్లేదు. ఒకే మండలం మనిషంటే ఒకే కులం, ఒకే చుట్టరికం కావచ్చు. బాధితురాలి అత్తగారికి మేనకోడలు కావచ్చు. అందుకే ప్రతి కేసులోనూ మొదట రెండు పక్షాల పేర్లు, ఊళ్లు రాసుకుని, తనకు బంధుత్వం ఉందో లేదో పారాలీగల్ చెప్పాలి. ఉంటే ఆ కేసు మరొకరికి పోవాలి. ఇక ఫోను. మన పల్లెల్లో స్త్రీ నెంబరంటే చాలాసార్లు ఇంటి నెంబరే. భర్త ఎత్తవచ్చు, కొడుకు చూడవచ్చు. 'మీ కేసు తేదీ వచ్చింది' అన్న ఒక్క మెసేజీ ఆమెను దెబ్బల పాలు చేయగలదు. ఏ వేళకు చేయాలో, వేరెవరైనా ఎత్తితే ఏం చెప్పాలో ముందే ఆమెనే అడిగి రాసుకోవాలి. దెబ్బల ఫొటోలు పారాలీగల్ సొంత ఫోనులో మిగలకూడదు. ఆ పనికి ఫోను ఆఫీసే ఇవ్వాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను, జీతం. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుంది. ఆ వ్యవస్థలో 2009 నుంచి పారాలీగల్ వాలంటీర్లు పనిచేస్తున్నారు. వాళ్లకిచ్చేది పనిచేసిన రోజుకు గౌరవ వేతనమే, అది ఉద్యోగం కాదు. అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తల విషయంలో మనం చూసిందే ఇది. స్త్రీలు చేసే పనికి 'సేవ' అని పేరు పెడితే జీతం అడగడం అత్యాశ అవుతుంది. ఇంటి నుంచి చేసే పని అయితే మరీ సులువు. పొయ్యి దగ్గర పనిలో ఇదీ కలిసిపోతుంది.

నియామక పత్రం అడగడానికి ఇంకో బలమైన కారణం కూడా ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య చట్టం 132వ సెక్షన్ లాయరుకు కక్షిదారు చెప్పిన మాటలకు రక్షణ ఇస్తుంది. ఆ నియమం లాయరు గుమాస్తాలకు, ఉద్యోగులకు కూడా వర్తిస్తుంది. 1872 చట్టంలోనూ ఇలాంటి ఏర్పాటు ఉండేది. కాగితం లేని 'మన అమ్మాయే' ఈ రక్షణలోకి వస్తుందో రాదో అని కోర్టులో వాదులాడుకునే స్థితి ఎందుకు తెచ్చుకోవాలి? బాధితురాలి రహస్యం పారాలీగల్ ఉద్యోగ పత్రంతో ముడిపడి ఉంది. అలాగే 2013 లైంగిక వేధింపుల చట్టం పనిస్థలం నిర్వచనంలో నివాస గృహాన్నీ చేర్చింది. పదిమంది లోపు ఉన్న ఆఫీసు మీద ఫిర్యాదు జిల్లా స్థానిక కమిటీకి చేయవచ్చు. ఈ మాట ఆమెకు చేరిన రోజే చెప్పాలి.

హద్దులూ రాతలో ఉండాలి. 1961 అడ్వకేట్ల చట్టం ప్రకారం న్యాయవాద వృత్తి చేసే హక్కు అడ్వకేటుకే ఉంది. పారాలీగల్ వాంగ్మూలం రాసుకుంటుంది, తేదీల పట్టిక తయారు చేస్తుంది, రేషను కార్డు, పెళ్లి ఫొటో, ఆసుపత్రి చీటీ సేకరిస్తుంది, వాయిదా గుర్తు చేస్తుంది. రాజీ కుదర్చదు, డబ్బు పట్టదు. లాయరు కూడా సంతకం పెట్టే ముందు కనీసం ఒక్కసారి ఆ స్త్రీతో నేరుగా మాట్లాడాలి. పిటిషను ఆమె భాషలో, అవసరమైతే లంబాడీలో, చదివి వినిపించాలి.

మనిషిని ఎంచుకునేటప్పుడు ఇంగ్లీషు, టైపింగు వేగం చూసి ఆగిపోకండి. మూడు పనులు ఇచ్చి చూడండి. చెదురుమదురుగా చెప్పిన ఒక కథను వరసైన తేదీలుగా రాయమనండి. ఒక పహాణీ ఇచ్చి అందులో ఏముందో చదువురాని స్త్రీకి చెప్పినట్టు చెప్పమనండి. ఫోను భర్త ఎత్తితే ఏం చేస్తావని అడగండి. ఒంటరి స్త్రీలకు, సంఘాల్లో పనిచేసి వచ్చిన వాళ్లకు ఈ మూడోది మనం నేర్పనక్కర్లేదు.

డబ్బెక్కడిదని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. రెండు మూడు ఆఫీసులు కలిసి ఒకరి జీతం పంచుకోవచ్చు, ఆ ఆఫీసుల్లో ఒకటి భర్త తరఫున, మరొకటి భార్య తరఫున నిలబడని పక్షంలో. ప్రాజెక్టు నిధుల మీద మాత్రమే ఆధారపడటం ప్రమాదం. మహిళా సమాఖ్య పథకానికి 2010ల మధ్యలో కేంద్రం నిధులు ఆపినప్పుడు ఏమైందో ఈ జిల్లాల వాళ్లకు చెప్పనక్కర్లేదు. మనోవర్తి కేసు ప్రాజెక్టు కాలంతో ముగియదు.

కాబట్టి చర్చకు మూడు ప్రతిపాదనలు పెడుతున్నాను. మన సంఘాలు కేసులు పంపే ఏ ఆఫీసైనా పారాలీగల్‌ని బాధిత స్త్రీలు నడిచి చేరగల చోట నియమించాలి. నియామక పత్రం, నెలజీతం ఉండాలి. ఆమె పనితీరును ఏడాదికోసారి లాయరుతో పాటు ఆ కేసుల స్త్రీలు కూడా కూర్చుని సమీక్షించాలి. మూడోది కష్టమని నాకు తెలుసు. చర్చ అక్కడి నుంచి మొదలుపెడితే బాగుంటుందని నా అభిప్రాయం.