గైర్హాజరు ఎవరిది?

(కైరుప్పలలో విద్యార్థులు, ఉద్యోగులు, గ్రామస్తుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



కైరుప్పల పేరు టీవీల్లో ఏడాదికి ఒక్కనాడు వినబడుతుంది. ఉగాది మరునాడు పిడకల సమరం జరిగితే పట్నం నుంచి కెమెరాలొస్తాయి. ఎంతమందికి దెబ్బలు తగిలాయో లెక్కబెట్టి మరీ చెబుతారు. ఈ ఊళ్లో పది పాసైనోళ్లెందరు, ఆదోనికి పోయి డిగ్రీలో చేరినోళ్లెందరు, నడుమనే పుస్తకం మూసినోళ్లెందరని మాత్రం ఏ కెమెరా అడగదు. ఆ లెక్క గురించే నాలుగు మాటలు చెప్పడానికి మేం వచ్చాం.

సర్కారు దగ్గర లెక్కలు లేక కాదు. కుప్పలున్నాయి. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చినప్పటి నుంచి కళాశాలకు పోయే డబ్బు విద్యార్థి వివరాల వెంట నడుస్తోంది. కులం, ఆదాయం, ఆధార్, బ్యాంకు ఖాతా, హాజరు అన్నీ కంప్యూటర్లోకి ఎక్కాయి. 2020లో విద్యా దీవెన వచ్చాక డబ్బు తల్లి ఖాతాలో వేశారు. ప్రభుత్వం మారాక మళ్లీ కళాశాల ఖాతాకే అన్నారు. ఎవరి ఖాతా అన్నదాని మీద రెండు పార్టీలూ బోలెడంత కొట్లాడుకున్నాయి. డబ్బు ఆలస్యమైతే హాల్ టికెట్ ఆగేది ఎవరికి? 

ఇప్పుడు హాజరు సంగతి చూడండి. విద్యా దీవెనకు నూటికి 75 హాజరు షరతు పెట్టారు. వినడానికి న్యాయంగానే ఉంది, చదవనోడికి ఫీజెందుకు? కానీ సెమిస్టరుకు 90 పనిదినాలనుకుంటే 22 రోజులకు మించి మానకూడదు. మన ఆస్పరి, కోసిగి, కౌతాళం ఊళ్లలో సుగ్గి 22 రోజుల్లో అయిపోతుందా? వాన మోసం చేస్తే పత్తికీ, మిరపకోతకూ గుంటూరు వైపు ఇంటిల్లిపాదీ పోతారు. రెండు మూడు నెలలకు గానీ తిరిగిరారు. ఇంట్లో ముసలమ్మ ఉంటే పిల్లగాడు కళాశాలకు పోతాడు. ఎవరూ లేకపోతే ఆడపిల్లను ఒంటరిగా వదిలిపోయే తల్లి ఏ ఊళ్లోనూ ఉండదు. వెంట తీసుకుపోతుంది. అక్కడ ఆమె చేతిలో గోతం, ఇక్కడ యంత్రంలో ఆమె పేరు పక్కన గైర్హాజరు. ఎందుకు రాలేదని రాసే గడి ఆ పట్టీలో లేదు.

ఇంకో సంగతి. లెక్కను జిల్లా మొత్తానికి చెబితే మన గుంత కనబడదు. 2011 జనగణనలో కర్నూలు జిల్లా అక్షరాస్యత దాదాపు 60 శాతం, ఉమ్మడి రాష్ట్రానిది 67. ఆ 60లో కర్నూలు పట్నమూ, నంద్యాలా కలిసి ఉన్నాయి. కోసిగి లాంటి మండలం వాటి వెనక దాక్కుంది. 2022లో నంద్యాల వేరు జిల్లా అయింది. ఇకనైనా మండలాల వారీగా లెక్క బయటపెట్టమంటే తప్పేముంది?

పిల్లలు తగ్గారని పోస్టులు కోసే లెక్క కూడా మనం చూశాం. 2022లో 117వ నంబరు జీవో తెచ్చి బడుల్లో పిల్లల సంఖ్యను బట్టి టీచర్లను సర్దారు. ఉపాధ్యాయులు రోడ్డెక్కారు, 2025లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. అదే కొలబద్ద డిగ్రీ కళాశాల మీద పెడితే ఏమవుతుంది? పిల్లలు రాలేదు కనుక అధ్యాపకుడు వద్దు. అధ్యాపకుడు లేడు కనుక పిల్లలు రారు. బావి ఎండిందని తాడు కూడా తెంచినట్టుంటుంది. 2020 డిసెంబరులో 77వ నంబరు జీవోతో ప్రైవేటు కళాశాలల్లో పీజీకి ఫీజే ఎత్తేశారు. పక్కన సర్కారు పీజీ సీటు లేని ఊరివాడి గతేమిటని ఏ కంప్యూటరు చెప్పాలి?

లెక్క కట్టొద్దని మేం అనడం లేదు. కట్టాలి, తిరగేసి కట్టాలి. అమెరికాలో టెనెస్సీ అనే రాష్ట్రం ఉంది. 1979 నుంచి కళాశాలల పనితీరు చూసి కొంత డబ్బిచ్చే పద్ధతి అక్కడ ఉంది. 2010లో చట్టం మార్చి, పేదింటి విద్యార్థి చదువు పూర్తి చేస్తే ఆ కళాశాలకు ఎక్కువ విలువ కట్టారు. లోటుపాట్లు అక్కడా ఉన్నాయి. అయినా వెనకబడ్డ పిల్లకు ఖర్చెక్కువవుతుందని ఒప్పుకున్నారు. మన దగ్గర ఎక్కువమంది చదువు మానేసే మండలానికే ఎక్కువ హాస్టలు సీట్లు, ఎక్కువ నిధి పోవాలి. సుగ్గి నెలల్లో గైర్హాజరైతే ఫీజు కోయకుండా హాస్టల్లో చోటిచ్చి, పోయిన పాఠం మళ్లీ చెప్పాలి. ఈ అంకెలన్నీ విద్యార్థి పేరు బయటపడకుండా మండల కార్యాలయం గోడ మీద రాయాలి.

ఉద్యోగ మిత్రులకొక మాట. అంకెలు ఎక్కించేది మీరే. వలస పోయిన పిల్లను ‘చదువు మానేసింది’ అని కొట్టేసేముందు ఒక్క ఫోను చేయండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! దీపావళి దాటితే బండ్లు కదులుతాయి. ఆలోపు ఒక నోటు పుస్తకం పట్టుకుని ఇంటింటికీ తిరగండి. పది పాసైనోళ్లు, ఇంటర్లో, డిగ్రీలో చేరినోళ్లు, మానేసినోళ్లు, ఎందుకు మానేశారు? ఐదు గడులు చాలు. ఇంటివాళ్లు ఒప్పుకుంటేనే రాయండి, పేర్లు మీ దగ్గరే ఉంచుకుని అంకెలు మాత్రం పత్తికొండ ఆర్డీవో చేతికివ్వండి. ఆస్పరి నుంచి ఒక్క కైరుప్పల పుస్తకమే వస్తే పక్కన పడేస్తారు. చుట్టుపక్కల పది ఊళ్ల పుస్తకాలు కలిపి తీసుకుపోదాం, మేమూ వెంట వస్తాం.