లద్దిలో ఇసుక, రక్తంలో సెరోటోనిన్



ఇవాళ పట్టాలు అందుకుంటున్న యువ పశువైద్యులారా, మీలో కొందరి చూపు గల్ఫ్ వైపు, ముఖ్యంగా సౌదీ అరేబియా వైపు ఉందని విన్నాను. మంచిదే. 2020లో రెండు కోట్ల డాలర్ల బహుమతితో సౌదీ కప్ గుర్రప్పందెం మొదలుపెట్టిన దేశం అది. రియాద్ దగ్గర దీరాబ్‌లో అరబ్బీ గుర్రాలకు ప్రత్యేక కేంద్రమే ఉంది. ఒకప్పుడు ఆ గుర్రాలు ఓడలెక్కి మన తీరానికి వచ్చేవి. ఇప్పుడు మన డాక్టర్లు విమానమెక్కి వాటి దగ్గరికి పోతున్నారు. అక్కడ అర్ధరాత్రి మిమ్మల్ని లేపే కబురు చాలాసార్లు ఒకటే: గుర్రానికి శూల.

గుర్రం వాంతి చేసుకోలేదు. ఇరవై మీటర్ల చిన్నపేగు ఎక్కడ మెలిపడినా, కదలిక ఆగినా, లోపలి ద్రవం పొట్టలోకి ఎగదన్నుతుంది గానీ బయటికి రాదు. ఆ కదలిక వెనక ఉన్నవాటిలో సెరోటోనిన్ ఒకటి. పత్రికలు దాన్ని సంతోషపు రసాయనం అంటాయి. నిజానికి ఒంట్లో ఉన్నదాంట్లో నూటికి తొంభై పాళ్లు పేగులోనే. 1930లలో ఇటలీలో శాస్త్రవేత్త ఎర్‌స్పామర్ దాని జాడ పట్టింది కూడా పేగు పొరలోనే. మేత ఒత్తిడి తగలగానే అక్కడి కణాలు దాన్ని వదులుతాయి, నరాలు అందుకుంటాయి. మేతకు వెనక పేగు బిగుస్తుంది, ముందు వదులవుతుంది.

దీన్నుంచి ఒక ముచ్చటైన ఊహ పుట్టింది. రక్తం అందని పేగు సెరోటోనిన్‌ను కుమ్మరిస్తుంది, ఆ పోటుకు గ్రాహకాలు మొద్దుబారతాయి, ఆపరేషన్ తర్వాత పేగు పడకేస్తుంది. కాబట్టి రక్తంలో కొలిస్తే ఏ గుర్రం దక్కుతుందో ముందే చెప్పొచ్చు. బెల్జియంలోని ఘెంట్ పరిశోధకులు చిన్నపేగు శూలతో ఆపరేషన్‌కు వచ్చిన 33 గుర్రాలను 24 ఆరోగ్యమైన గుర్రాలతో పోల్చి, 2015లో ప్రచురించారు. ప్లాస్మాలో సెరోటోనిన్ పెరగలేదు సరికదా, తక్కువగా తేలింది. చావుబతుకులకూ ఆ అంకెకూ పొత్తు కుదరలేదు. ఊహ తలకిందులైనా దాచకుండా అచ్చువేసినందుకు ఆ వ్యాసమంటే నాకు గౌరవం.

కొలవడమూ తేలిక కాదు. రక్తంలో సెరోటోనిన్‌ను మోసేది ప్లేట్‌లెట్లు. నమూనాను సౌదీ ఎండలో వ్యాన్‌లో వదిలేశారంటే అవి చెడి, లోపలిది ప్లాస్మాలో కలిసిపోతుంది. ఇక ఆ అంకెలో గుర్రం పాలెంతో, మీ నిర్లక్ష్యం పాలెంతో ఎవరూ తేల్చలేరు.

అందుకే శూల అనగానే ముందు ఇసుక సంగతి చూడమంటాను. నేలమీద వేసిన లూసర్న్ మేతతో పాటు గుర్రం ఇసుకా తింటుంది, అది పెద్దపేగు అడుగున పేరుకుని శూల తెస్తుంది. భుజందాకా వచ్చే ప్లాస్టిక్ గ్లవ్‌లో నాలుగు లద్ది ఉండలు వేసి, నీళ్లు పోసి, బాగా కలిపి వేలాడదీయండి. కాసేపటికి వేళ్ల కొసల్లో ఇసుక దిగుతుంది, నలిపితే గరగరలాడుతుంది. దిగకపోతే లోపల లేదని మాత్రం రాసెయ్యకండి. వైద్యం మన ఇళ్లలో ఉండే ఇసబ్గోలు పొట్టు, దానికి తోడు మెగ్నీషియం సల్ఫేట్, ముక్కులోంచి గొట్టంతో. మేత తొట్టిలో వేయిస్తే ఆ గొట్టం పని చాలావరకు తప్పుతుంది.

కరీంనగర్, నిజామాబాద్, కడప నుంచి ఎందరో గల్ఫ్‌లో పనిచేస్తున్నారు; గుర్రపుశాలలోనూ మనవాళ్లు తగలొచ్చు. గుర్రం చివరిసారి ఎప్పుడు లద్ది వేసిందో, నిన్న మేత మారిందో లేదో యజమానికి తెలియకపోవచ్చు, గుర్రాన్ని చూసుకునే సాయీసుకు తెలుస్తుంది. స్టెతస్కోపు తీసేముందు ఆయన్ను తెలుగులోనే అడగండి, "ఏమన్నా, పొద్దున్నుంచి ఎట్లుంది?" అని.