పొదుపునకు పుట్టినిల్లు వంటిల్లు



పోగొట్టుకొన్నచోటనే వెదకుకొనవలెనని పెద్దలు చెప్పుదురు. నెల చివరి వారము వచ్చునప్పటికి చేతిలో పైకము నిలువకపోవుట మనలో చాలమందికి అనుభవమే. అది ఎక్కడ పోయినదని వెదకునప్పుడు మనకు పెండ్లి ఖర్చు, పండుగ బట్టలు, పిల్లల చదువు జ్ఞప్తికి వచ్చును. అవి పెద్ద ఖర్చులే. కాని ఏడాదికొక పర్యాయము వచ్చి పోవునవి. దినమునకు మూడు పూటలు, ఏడాదికి వేయికి మించిన పర్యాయములు ఖర్చు జరుగుచోటు ఇంటిలోనే ఒకటి కలదు. అదియే వంటిల్లు. ఆ వంటింటి పొదుపును గూర్చి మాకు తెలిసిన నాలుగు మాటలు నేడు మనవి చేసికొందుము.

మొదట ఒక సంగతి స్పష్టము చేయవలెను. పొదుపు వేరు, కడుపు మాడ్చుకొనుట వేరు. విస్తరిలోనిది తగ్గించుట సులభము. దానికి తెలివితో పనిలేదు. విస్తరిలోనికి రాకమునుపే వ్యర్థమగుచున్నదానిని ఆపుటయే పొదుపు. మా మాటలన్నియు ఈ ఒక్క భేదముపైననే నిలిచియున్నవి.

మాది వనపర్తి జిల్లాలోని గోపాల్‌పేట. గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింతలవలెనే ఒకప్పుడు ఇదియు నిజాం రాజ్యములో ఒక సంస్థానము. సంస్థానాధీశుల ఇండ్లలో ఏమి వండిరో గాని, సామాన్యుని పొయ్యిమీద ఉడికినది జొన్నయే. వాన నమ్మరాని నేల ఇది. కరవు వచ్చినప్పుడెల్ల పాలమూరు కూలీలు మూటలు కట్టుకొని దూరదేశములకు పోయి, పరుల ఆనకట్టలకును కాలువలకును మట్టి మోసిరి. అట్టి నేలపై గంపెడు సంసారమును గడపిన ఇల్లాండ్రకు పొదుపును ఎవరు నేర్పిరి? లేమియే నేర్పినది. జొన్నలు దంచి గట్క వండిరి. పిండితో రొట్టె తట్టిరి. మిగిలినదానిని అంబలి చేసిరి. పొయ్యి వెలిగింపకయే చింతపండు పిసికి, ఉల్లిగడ్డ తరిగి, మిరపకాయ నలిపి పచ్చిపులుసు చేసిరి. చేని గట్టున మొలచిన పుంటికూర పప్పులో పడినది. ఇంటివెనుక మునగాకు కూరయైనది.

ఇప్పుడు కాలము మారినది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినది. 2015 నుండి తెలంగాణలో మనిషికి ఆరు కిలోల చొప్పున రూపాయికి కిలో బియ్యము ఇచ్చిరి. 2025 ఉగాది మొదలు కార్డుగల కుటుంబములకు సన్నబియ్యమే ఉచితముగా వచ్చుచున్నది. కృష్ణా జలములు ఎత్తిపోతల ద్వారా చేరిన ఊళ్లలో వరి పెరిగినది, జొన్నచేలు తగ్గినవి. అన్నమునకు కరవు తీరినది, సంతోషింపదగిన విషయమే. కాని ఒక ప్రశ్న మిగిలినది. బియ్యము ఉచితమైన ఇంటిలోను వంటింటి ఖర్చు ఏల తగ్గలేదు?

మేము గమనించినంతవరకు ఖర్చు ధాన్యమును వదలి దాని చుట్టును చేరినది. నూనె, పప్పు, వంటగ్యాసు, కూరగాయలు, అంగడి పొట్లములు నేటి ఖర్చులు. కనుక పొదుపును అక్కడనే వెదకవలెను.

మొట్టమొదట, పారవేయుటను గూర్చి. ఉచితముగా వచ్చినదానికి విలువ తెలియదు. దినమునకు ఒక గుప్పెడు, అనగా ఏబది గ్రాముల బియ్యమునకు సరిపడు అన్నమును మనము పారవేయుచున్నామనుకొందుము. ఏడాదికి పదునెనిమిది కిలోలు దాటును. ఒక మనిషికి మూడు నెలలకు వచ్చు బియ్యమది! అన్నము ఎంత కావలెనో వండుటకు ముందే ఇంటిల్లిపాదిని అడిగి, కొలతపాత్రతో కొలిచి పోయుట అలవాటు చేసికొన్నచో ఈ నష్టము చాలవరకు తప్పును.

అత్తెసరు అను మాటను నేడు మనము పరీక్షలో బొటాబొటిగా వచ్చిన మార్కులకు వాడుచున్నాము. వంటింట దాని అర్థము వేరు. బియ్యము పీల్చుకొనునంత నీరే పోసి, గంజి వార్చకుండ వండుటయే అత్తెసరు. గంజి వార్చినప్పుడు బియ్యములోని బి విటమినులలో కొంతభాగము ఆ నీటితో పోవును. బియ్యమును పదిమార్లు కడిగినను అంతియే. వార్చు అలవాటు మానలేనివారు ఆ గంజిని పారబోయక ఉప్పు, మజ్జిగ కలిపి త్రాగవచ్చును, పులుసులో పోయవచ్చును. కూరగాయల నీటిని కూడ అట్లే వాడవలెను.

రాత్రి మిగిలిన అన్నమును నీటిలో వేసి తెల్లవారిన వెంటనే చద్దిగా తినుట, మిగిలిన రొట్టెను నలిపి బెల్లము చేర్చి మలీద ముద్దలు చేయుట మన ఇండ్ల పాత ఆచారము. కాని ఒక హెచ్చరిక. వేసవిలో వండిన పప్పు, కూర త్వరగా చెడిపోవును. వాసన మారినదానిని, బంకసాగినదానిని తినుట పొదుపు కాదు. పది రూపాయల కూరను కాపాడబోయి వంద రూపాయల మందు కొనుట వివేకము కాదు గదా.

రెండవది ఇంధనము. కందులు, సెనగలు, అలసందలు, ఉలవలు వంటివాటిని రాత్రియే నానబెట్టినచో అవి ఉడుకుటకు పట్టు కాలము చాల తగ్గును. ఎసరు మరగిన తరువాత మంట పెంచినందువలన వంట త్వరగా కాదు. మరుగుచున్న నీటి వేడి ఎంత మంట పెట్టినను నూరు డిగ్రీల చుట్టుననే నిలుచును. పెరిగినది ఆవిరిగా పోవును. కనుక మరుగు పట్టగానే మంట తగ్గించి మూతపెట్టవలెను. మూతలేని కుండ ఇంధనమును ఆకాశమునకు సమర్పించుచున్నదని తెలిసికొనుడు.

మన పూర్వులు అన్నము ముక్కాలు ఉడికిన పిమ్మట కట్టెలు లాగివేసి, కుండను నిప్పులమీదనే మగ్గనిచ్చెడివారు. యుద్ధకాలమున ఇంధనము కరవైనప్పుడు ఐరోపా దేశములందు మరగిన కుండను ఎండుగడ్డి నింపిన పెట్టెలో పెట్టి మూసి, ఆ వేడితోడనే వంట ముగించిరి. గ్యాసు పొయ్యి గల ఇంట కూడ ఇది సాధ్యమే. పది నిమిషములు మరగిన అన్నపు గిన్నెను దించి, మూత తీయకుండ మందమైన పాత దుప్పటిలో చుట్టియుంచినచో మిగిలిన ఉడుకు తానే పూర్తియగును. పొయ్యిమీద వేడి ఉండగానే రెండవ వంటకు సిద్ధముగా ఉండుట, కూరగాయలు ముందే తరిగియుంచుకొనుట కూడ ఇంధనమును మిగుల్చును.

మూడవది కొనుట. ఏ వస్తువు ఏ నెలలో మన నేలపై విరివిగా దొరకునో ఆ నెలలోనే దానిని కొనవలెను. చలికాలము పోయి ఎండలు ముదురునప్పుడు క్రొత్త చింతపండు, క్రొత్త ఎండుమిరప వచ్చును. ఏడాది గ్రాసమును అప్పుడు తీసికొని, గింజలు ఏరి, ఎండబెట్టి, తడి తగులని పాత్రలలో నిలువచేసినవారు శ్రావణములో అంగడివాని ధరకు తలవంచరు. గోరుచిక్కుడు, కాకర, వంకాయ, టమాట చవుకైనప్పుడు ముక్కలు చేసి ఎండబెట్టిన వరుగులు వానకాలమున కూరల కరవు తీర్చును. ఒక్క పూటకు ఒక్క పొట్లముగా కొనువారు ప్రతి పొట్లముతో కాగితమునకు, దుకాణదారు లాభమునకు వేరుగా చెల్లించుచుందురు.

నూనె విషయమున ఒక చిన్న లెక్క. దినమునకు రెండు చెంచాలు, అనగా పది మిల్లీలీటర్లు తగ్గించినచో ఏడాదికి మూడున్నర లీటర్లకు పైగా మిగులును. రుచి తగ్గదు. తాలింపు కూరకు చివర చేర్చినచో తక్కువ నూనెతోడనే వాసన నిలుచును. ఇక పిల్లల చేతిలోని రంగుపొట్లముల మాట. పల్లి మన జిల్లా పంట. వేయించిన పల్లీలు, బెల్లపు ముక్క ముందు ఆ పొట్లములోని ఉప్పును నూనెయు ఏపాటి? అయితే బూజుపట్టిన, ముడుచుకొనిపోయిన పల్లీలను మాత్రము ఏరి పారవేయవలెను. ఆ బూజులో పుట్టు విషము కాలేయమునకు హాని చేయును. వేయించినను అది పూర్తిగా పోదు.

ఇంతవరకు తగ్గింపదగినవానిని చెప్పితిమి. తగ్గింపరానివానిని చెప్పనిచో మా ప్రసంగము సగమే యగును.

1918లో కూనూరున చిన్న పరిశోధనగా మొదలై, తరువాత హైదరాబాదునకు తరలివచ్చిన సంస్థయే నేటి జాతీయ పోషకాహార సంస్థ. అక్కడి శాస్త్రజ్ఞులు డాక్టరు సి. గోపాలన్ మున్నగువారు 1960 ప్రాంతమున ఒక వ్యాధిని పరిశీలించిరి. అది పెల్లాగ్రా. ఎండ తగిలినచోట చర్మము నల్లబడి పొరలూడును, విరేచనములగును, ముదిరినచో మతి చలించును. దానికి గురియైనవారిలో పెక్కుమంది మన దక్కను పీఠభూమి పేదలు, జొన్న తప్ప మరియొకటి ఎరుగనివారు. కారణమెట్లు పుట్టునను విషయమున తరువాత భిన్నాభిప్రాయములు వచ్చినను, నియాసిన్ అను విటమిను శరీరమునకు చాలకపోవుటయే ఆ వ్యాధికి మూలము. జొన్న చెడ్డదని దీని అర్థము కాదు. ఏ ధాన్యమైనను ఒంటరిగా మనిషిని నిలుపజాలదు. నాడు జొన్న ఒంటరిదైనట్లే నేడు తెల్లబియ్యము ఒంటరిదగుచున్నది. ఉచితబియ్యమును కడుపునిండ తిని పచ్చడితో సరిపెట్టుకొనువారు డబ్బు మిగిల్చితిమని తలచుదురు. నిజమునకు ఒంటిలోని బలమును ఖర్చుచేయుచున్నారు.

దీనికి మందు మన చేతిలోనే కలదు. నియాసిన్ సమృద్ధిగా గల పల్లీలు మన చేలలోనే పండును. ధాన్యములో కొరవడిన మాంసకృత్తుల అంశము పప్పులో కలదు. పప్పులో కొరవడినది ధాన్యములో కలదు. రెండును కలిసిననే పూర్ణాహారము. పాలు కొనలేని ఇంట రాగి అంబలి, మునగాకు, తోటకూర ఎముకలకు కావలసిన సున్నమును ఇచ్చును. రాగులలో ఆ సున్నము పాలలోకంటె హెచ్చు. ఇంటివెనుక పాత్రలు కడిగిన నీరు పారుచోట ఒక మునగ, ఒక కరివేప, నాలుగు తోటకూర మొక్కలు వేసినచో ఆకుకూరకై అంగడికి పోనక్కరలేదు.

ఒక దినపు వంటను ఉదాహరణముగా చెప్పుదుము. ఉదయము జొన్నరొట్టె, పల్లీల పొడి. మధ్యాహ్నము అత్తెసరు అన్నము, పుంటికూర పప్పు, మజ్జిగ. సాయంకాలము పిల్లలకు ఉడికించిన ఉలవ గుగ్గిళ్లు. ఆ ఉలవలు ఉడికిన నీటితోడనే రాత్రికి చారు, దానితో కొర్రన్నమో వరియన్నమో. ఒక్క గింజతో రెండు వంటలైనవి. వీలైన దినమున గుడ్డు. ఇందులో రాజభోగము లేదు, లోటును లేదు.

చివరకు మా మనసులోని ముఖ్యమైన మాట. ఇంటిలో ఖర్చు తగ్గవలెనని నిర్ణయమైనప్పుడు మొదట తగ్గునది ఎవరి ముద్ద? అందరికి వడ్డించి, అడుగున మిగిలినదానితో సరిపుచ్చుకొను ఇల్లాలిది. పప్పు గరిటెడే మిగిలినచో అది పిల్లవానికి. గుడ్డు ఒక్కటే ఉన్నచో అది యజమానికి. గర్భవతియైనను, చంటిబిడ్డ తల్లియైనను ఈ వరుస మారదు. 2015లో తెలంగాణలో అంగన్‌వాడీలయందు గర్భిణులకు, బాలింతలకు ఒక పూట సంపూర్ణ భోజనము పెట్టు ఆరోగ్యలక్ష్మి పథకము మొదలైనది. ఇంటిలో ఆమె వాటా ఆమెకు దక్కుట లేదనుటకు ఇంతకంటె వేరు సాక్ష్యమేల? ఇల్లాలి ముద్దను కోసి చేసిన ఆదా పొదుపు కాదు. అది అప్పు. రక్తహీనత రూపమున, బరువు తక్కువగా పుట్టిన బిడ్డ రూపమున ఆ అప్పు వడ్డీతో తిరిగి వచ్చును.

సోదరులకు ఒక మనవి. "ఖర్చు తగ్గించు" అని వంటింటివైపు కేకవేసినంతనే మన బాధ్యత తీరదు. నెలకొక సాయంకాలము ఇద్దరును కూర్చుండి, పిల్లల నోటుపుస్తకములోనే రెండు గీతలు గీసి లెక్క వ్రాయుడు. వంటింటి ఖర్చు ఒక వరుస. బజారులోని చాయ, చుట్ట, బీడి, ఇతరమైనవి మరియొక వరుస. పోయినచోటు ఏదియో ఆ కాగితమే చెప్పును. పిమ్మట అందరును ఒక్క పంక్తిని కూర్చుండి భుజింపుడు. ఉన్నది తక్కువైనప్పుడు ఎవరికెంత వచ్చినదో అప్పుడు అందరికిని కనబడును.

లేమిలో మన అవ్వలు నేర్చిన విద్య ఇది. కలిమి వచ్చినదని దానిని మరువకుందము. వారికి విధి నేర్పినదానిని మనము వివేకముతో ఆచరింతము. కొలిచి వండుదము, మూతపెట్టి ఉడికింతము, కలిపి తిందము. ఆ ఇంట నెల చివరి వారము కూడ మొదటి వారమువలెనే గడచును.