చలికాలపు దిగులు, పొద్దుటి వెలుగు

కొడుకో కూతురో కెనడాలోనో అమెరికాలోనో ఉన్న ఇళ్లు మన ఊళ్లో తక్కువేమీ కావు. డిసెంబరు వచ్చేసరికి ఆ పిల్లల్లో కొందరికి ఫోన్లో మాట తగ్గిపోతుంది. ఎంత పడుకున్నా నిద్ర తీరదంటారు, తీపి మీదికి మనసు పోతోందంటారు, ఎవరినీ కలవబుద్ధి కావడం లేదంటారు. బద్ధకమనో ఇంటి మీద బెంగ అనో ఇక్కడ మనం అనుకుంటాం. బెంగ ఉంటే ఉండవచ్చు. కానీ ఏటా చలికాలం ముంగిట మొదలై, ఎండలు ముదిరాక తనంతట తానే తగ్గిపోయే దిగులు ఒక జబ్బు. దానికి వెలుతురుతో గట్టి సంబంధం ఉంది, వైద్యమూ ఉంది.

డిసెంబరు మూడో వారంలో హైదరాబాదులో పగలు సుమారు 11 గంటలు ఉంటుంది. టొరంటోలో 9 గంటలు కూడా నిండదు. అక్కడ ఎనిమిదింటికి కాస్త ముందు పొద్దు పొడిచి, ఐదు కాకుండానే కుంకుతుంది. మన కంటి లోపలి పొరలో వెలుతురు ఎంత ఉందో పసిగట్టే ప్రత్యేక కణాలు కొన్ని ఉన్నాయి. తెల్లవారిందన్న కబురును మెదడులోని గడియారానికి చేరవేసేవి అవే. ఆ కబురు ఆలస్యమైతే నిద్ర, ఆకలి, ఉత్సాహం అన్నీ వేళ తప్పుతాయన్నది ఇప్పటికి బలంగా నిలిచిన వివరణ. ఆఫీసు గదిలో ఎన్ని దీపాలున్నా వెలుగు, దాన్ని కొలిచే లక్సుల్లో చెబితే, కొన్ని వందలే. మబ్బు పట్టిన చలికాలపు పగలైనా ఆరుబయట వెయ్యి దాటుతుంది. గదిలో అంతా బాగానే కనిపిస్తుంది కాబట్టి ఈ లోటు మనకు తెలియదు.

ఈ జబ్బును 1984లో వైద్యలోకం ముందు పెట్టిన బృందానికి నాయకుడు నార్మన్ రోసెంతాల్. ఆయన ఎండ దండిగా ఉండే జొహానెస్‌బర్గ్ నుంచి న్యూయార్కు వెళ్లినవాడు, మన పిల్లల్లాగే. 2006లో కెనడా వైద్యులు 96 మంది రోగులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు రోజూ పొద్దున అరగంట 10,000 లక్సుల దీపపు వెలుగు, రెండో జట్టుకు దిగులు తగ్గించే ఫ్లూక్సెటిన్ మాత్ర ఎనిమిది వారాలు ఇచ్చి చూశారు. రెండు జట్లలోనూ 67 శాతం మందికి గుణం కనిపించింది.

అసలు ఇలాంటి జబ్బే లేదనేవారూ ఉన్నారు. 2016లో అచ్చయిన ఒక అమెరికా సర్వేలో 34,294 మందిని పరిశీలిస్తే, చలికాలంలో దిగులు పెరిగిన జాడ కనబడలేదు. ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. చలికి మనసు మందగించిన ప్రతివారూ రోగులు కారని అది గట్టిగా చెబుతోంది. ఉత్తర నార్వేలోని ట్రోమ్సోలో దాదాపు రెండు నెలలు సూర్యుడే ఉదయించడు, అయినా అక్కడ ఎక్కువమంది ఆరోగ్యంగానే ఉంటారు. అయితే, వేలమంది సగటు తీసినప్పుడు కొద్దిమంది బాధ అందులో కలిసిపోతుంది. ఏటా అదే కాలంలో మంచం దిగలేని మనిషికి ఆ సగటు ఏ ఊరటా ఇవ్వదు. తేలికపాటి మందగింపును జబ్బు అనడం ఎంత తప్పో, జబ్బును బద్ధకం అనడం అంతకంటే పెద్ద తప్పని నా అభిప్రాయం.

దీపం వాడేవారు నిద్ర లేచిన వెంటనే దాని ముందు కూర్చోవాలి, దానివంకే కళ్లప్పగించి చూడనక్కర్లేదు. కంటి జబ్బులున్నవారు, ఒకప్పుడు ఉన్మాదపు ఉద్రేకం వచ్చినవారు డాక్టరును అడగకుండా మొదలుపెట్టరాదు. ఆలోచనల తీరును సరిదిద్దే మాటల చికిత్స కూడా బాగా పనిచేస్తుంది. 177 మందితో చేసిన ఒక అధ్యయనంలో, రెండు చలికాలాలు గడిచాక జబ్బు తిరగబెట్టినవారు దీపం వాడిన జట్టులో కంటే ఈ చికిత్స పొందిన జట్టులోనే తక్కువ. ఇక ఇక్కడున్న తల్లిదండ్రులు చేయగలిగింది కూడా ఉంది. "ఇంకా లేవలేదా?" అని గద్దించే బదులు, "పోయినేడు కూడా ఈ రోజుల్లో ఇలాగే ఉన్నావు కదా, ఒకసారి డాక్టరుకు చూపించుకోరా" అనండి. బతకాలని లేదన్న మాట ఒక్కటి వినిపించినా వసంతం దాకా ఆగకండి. అమెరికాలోనూ కెనడాలోనూ 988 నంబరుకు ఏ వేళ ఫోన్ చేసినా పలుకుతారు. ఆ నంబరు ఈ రాత్రే మీ పిల్లలకు పంపండి.