పాత కంప్యూటర్‌కి కొత్త పట్టాలు
(ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లో మన సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నోటీసు బోర్డు మీద "కంప్యూటర్ ఆటలు, లినక్స్" అని చూసి, ఇది పిల్లల గోల కదా, మనం బయట టీ తాగి వద్దాం అనుకున్న పెద్దవాళ్ళు దయచేసి కూర్చోండి. ఈ వ్యవహారంలో ఆటలు పిల్లలవే, డబ్బు మాత్రం మీది.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అంతకు ముందు విండోస్ 7కి 2020 జనవరి 14న, ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న ఇదే జరిగింది. మద్దతు ముగిసిందంటే కంప్యూటర్ ఆగిపోతుందని కాదు. రేపు పొద్దున నొక్కినా లేస్తుంది, పాటలు పాడుతుంది, ఆటలు ఆడిస్తుంది. అందుకే చాలా ఇళ్ళల్లో ఎవరికీ పట్టలేదు. ఆగిపోయింది మరమ్మతు. కొత్తగా ఒక కన్నం బయటపడితే దాన్ని పూడ్చేవాడు ఇక లేడు. ఇంటి వాడకందారులకు 2026 అక్టోబరు 13 దాకా భద్రతా మరమ్మతులు తీసుకునే ఏర్పాటు ఒకటి పెట్టారు. మన భాషలో గ్రేస్ పీరియడ్. గ్రేస్ పీరియడ్‌లో ఏం చెయ్యాలో మన వాళ్ళకి నేను చెప్పాలా!

మరి విండోస్ 11కి మారిపోవచ్చు కదా అంటారు. అక్కడే చిక్కు. దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపు ఎనిమిదో తరం నుంచి పైది కావాలి. మన పిల్లల దగ్గర ఎక్కువగా కనిపించే మెషీన్ ఏది? ఆరో తరమో ఏడో తరమో ఐ5, ఎనిమిది జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1050 టీఐ కార్డు. తొమ్మిదేళ్ళ కిందట బోనస్ వచ్చినప్పుడు ముచ్చటపడి కొన్నది. మెషీన్ బంగారంలా ఉంది, కానీ కొత్త విండోస్ దాన్ని గేటు దగ్గరే ఆపేస్తుంది.

ఇప్పుడు ఇంట్లో జరిగే సంభాషణ మనందరికీ తెలిసిందే. "నాన్నా, కొత్తది కొను." "ఉన్నది పని చేస్తోందిగా, నోరు మూసుకుని చదువుకో." రెండు రోజుల తర్వాత పిల్లవాడు స్నేహితుడి దగ్గర పెన్‌డ్రైవ్ తెచ్చి, ఎవరో మార్పులు చేసి పెట్టిన దొంగ విండోస్ ఎక్కిస్తాడు. దాన్ని యాక్టివేట్ చెయ్యడానికి ఇంకో చిన్న ప్రోగ్రామ్ నడపాలి. అది నడవాలంటే యాంటీవైరస్ ఆపాలని దాంట్లోనే రాసి ఉంటుంది. పిల్లవాడు ఆపుతాడు. సాయంత్రం నాన్న అదే కంప్యూటర్ ముందు కూర్చుని నెట్ బ్యాంకింగ్‌లో ఎల్.ఐ.సి. ప్రీమియం కడతాడు.

ఈ దృశ్యమే నన్ను ఇక్కడ నిలబెట్టింది. దొంగతనంగా తెచ్చిన ఆటల్లో, యాక్టివేటర్లలో ఏం దాగి ఉంటుందో వాటిని పంచేవాడికి కూడా సరిగా తెలియదు. మీరు కొట్టే ప్రతి అక్షరాన్నీ రాసుకునే ప్రోగ్రామ్ అందులో ఉంటే, మీ పాస్‌వర్డ్ అవతలికి వెళ్ళిపోయినట్టే. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన సర్క్యులర్ మన కౌంటర్లలో అందరికీ తెలుసు, ఇళ్ళల్లో తెలియకపోవచ్చు. తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కాకుండా మూడో చోట ఉండి, మూడు పని దినాల్లోపు తెలియజేస్తే ఖాతాదారు మీద భారం పడదు. ఖాతాదారు నిర్లక్ష్యం వల్ల పోయిందని తేలితే, బ్యాంకుకి చెప్పేదాకా జరిగిన నష్టం ఖాతాదారుదే. మోసం జరిగిందని అనుమానం వస్తే 1930కి ఫోన్ చెయ్యడం, బ్యాంకుకి చెప్పడం వెంటనే జరగాలి. ఇది ఇంట్లో అందరికీ నోటికి రావాలి.

ఇది మనకి దూరపు విషయం కూడా కాదు. 2017 మే నెలలో వనాక్రై అనే వైరస్ ప్రపంచమంతా తిరిగినప్పుడు, ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లకు తగిలింది. ఇక్కడ మన పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోనే బెల్దా, దాంతన్ వైపు విద్యుత్ పంపిణీ కార్యాలయాలకూ తగిలింది. ఆ కన్నానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే మరమ్మతు ఇచ్చింది. వేసుకోనివాళ్ళు దెబ్బతిన్నారు. ఎక్స్‌పీ లాంటి మద్దతు ముగిసిన వాటికైతే అప్పటికి ఆ మరమ్మతు కూడా బయటికి ఇవ్వలేదు. మన ఏటీఎంలు ఎంతకాలం ఎక్స్‌పీ మీద నడిచాయో తెలిసినవాళ్ళు ఈ గదిలో ఉన్నారు. 2018 జూన్‌లో రిజర్వు బ్యాంకు గట్టిగా గడువులు పెట్టింది. సెప్టెంబరుకి పాతిక శాతం, డిసెంబరుకి సగం, మార్చికి ముప్పాతిక, 2019 జూన్‌కి మొత్తం మద్దతున్న వ్యవస్థకి మారాలని. ఏటీఎంకి అడిగినది ఇంటి కంప్యూటర్‌కి అడగకపోవడం నాకు వింతగా ఉంటుంది.

సరే, లినక్స్. 1991లో లినస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండ్ విద్యార్థి మొదలుపెట్టాడు. డబ్బు కట్టనక్కర్లేదు, కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు. మీ ఆండ్రాయిడ్ ఫోన్ అడుగున ఉన్నది కూడా లినక్స్ కెర్నలే. కాబట్టి "మాకు అలవాటు లేదు" అని ఎవరూ అనకండి, జేబులో పెట్టుకునే తిరుగుతున్నారు. మన పక్కనే హిజ్లీలో ఐఐటీ పిల్లలు ఖరగ్‌పూర్ ఓపెన్ సోర్స్ సొసైటీ అని పెట్టుకుని, చలికాలంలో కొత్తవాళ్ళకి ఇలాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పని నేర్పుతున్నారు.

ఒకప్పుడు లినక్స్ అంటే ఆటలకి పనికిరాదు అనేవారు, ఆ మాట నిజమే. ఆటలు విండోస్ కోసం రాసినవి, లినక్స్‌కి ఆ భాష రాదు. ఇప్పుడెలా కుదిరిందో చెప్తాను. పలాస నుంచి కొత్తగా కాపురానికొచ్చిన కోడలు గోల్ బజార్‌కి చేపలు కొనడానికి వెళ్ళిందనుకోండి. ఆవిడకి బెంగాలీ రాదు, చేపలాయనకి తెలుగు రాదు. పక్క క్వార్టర్ పిన్ని తోడు వెళ్ళి, ఇటు మాట అటూ అటు మాట ఇటూ అందిస్తుంది. బేరం కుదురుతుంది, చేప ఇంటికొస్తుంది. ఆ పిన్ని చేసే పని చెయ్యడానికి 1993 నుంచి కొందరు ఒక ప్రోగ్రామ్ రాస్తూ వచ్చారు. దాని పేరు వైన్. నవ్వకండి, తాగేది కాదు. ఆటల అమ్మకాల్లో పెద్దదైన స్టీమ్‌ని నడిపే వాల్వ్ కంపెనీ దాన్ని తీసుకుని, ఆటలకి తగ్గట్టు చెక్కి 2018 ఆగస్టులో ప్రోటాన్ అని విడుదల చేసింది. ఆట "బొమ్మ ఇలా గియ్యి" అని విండోస్ పద్ధతిలో అడిగితే, డీఎక్స్‌వీకే అనే భాగం దాన్ని వల్కన్ అనే పద్ధతిలోకి మార్చి గ్రాఫిక్స్ కార్డుకి చెప్తుంది. చెప్పింది చెప్పినట్టు అనువదిస్తుంది కాబట్టి పెద్దగా వేగం తగ్గదు. 2022లో వాల్వ్ చేతిలో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్ తెచ్చింది, అందులో ఉన్నదీ లినక్సే. దానికోసమైనా ఆటలు నడిచేలా చూడటం వాళ్ళ వ్యాపారానికి అవసరం. ఉచితంగా వచ్చేదాన్ని ఎంతకాలం నిలబెడతారని అడిగేవాళ్ళకి నా జవాబు ఇదే. ఎవరి లాభం ఎక్కడుందో చూడండి, మేనేజ్‌మెంట్ చదువులో నాకు నిలిచిన నాలుగు ముక్కల్లో ఇది ఒకటి.

ఇప్పుడు వెనక వరుస జాగ్రత్తగా వినాలి. అన్నీ నడవవు. వాలరెంట్ నడవదు. ఫోర్ట్‌నైట్ నడవదు. కంప్యూటర్‌లో ఆడే పబ్జీ నడవదు. ఏపెక్స్ లెజెండ్స్ నడిచేది, 2024 అక్టోబరు 31న కంపెనీయే లినక్స్‌ని ఆపేసింది. జీటీఏ 5లో కథ ఆడుకోవచ్చు, ఆన్‌లైన్ మాత్రం 2024 సెప్టెంబరు నుంచి పోయింది. కారణం మోసగాళ్ళని పట్టే ప్రోగ్రామ్‌లు. వాలరెంట్ వాడే వ్యాన్‌గార్డ్ ఉందే, అది స్ట్రాంగ్ రూమ్ లోపల కుర్చీ వేసుకుని కూర్చుంటానంటుంది. విండోస్ కెర్నల్‌లో దానికి ఆ కుర్చీ ఉంది, లినక్స్‌లో లేదు. మిగతావాటిలో కొన్ని అనువాదంలోనూ పనిచేసే ఏర్పాటు 2021లోనే వచ్చింది, కానీ ఆ మీట నొక్కాల్సింది ఆట తయారుచేసిన కంపెనీ. కొందరు నొక్కారు, కొందరు నొక్కలేదు. కాబట్టి మీ అబ్బాయి రోజూ ఆడేది వాలరెంట్ ఒక్కటే అయితే లినక్స్ వేసి వాణ్ణి ఏడిపించకండి. ఇంట్లో రెండు రోజులు భోజనం ఉండదు.

నడిచేవి చాలా ఉన్నాయి. కౌంటర్ స్ట్రైక్ 2, డోటా 2 అనువాదం కూడా అక్కర్లేకుండా నేరుగా నడుస్తాయి. మైన్‌క్రాఫ్ట్ జావా వెర్షన్ నడుస్తుంది. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 ప్రోటాన్‌లో హాయిగా నడుస్తుంది. చిన్నపిల్లలకి సూపర్‌టక్స్‌కార్ట్ పూర్తిగా ఉచితం. ఇక మన రైల్వే ఊళ్ళో నేను ప్రత్యేకంగా చెప్పేది ఓపెన్‌టీటీడీ. పట్టాలు వెయ్యడం, సిగ్నళ్ళు పెట్టడం, బొగ్గు రైళ్ళు నడపడం, నష్టం వస్తే అప్పు తెచ్చుకోవడం. రిటైరైన మావయ్యగార్లు మొదలుపెడితే మనవళ్ళకి కంప్యూటర్ దొరకదు. మీ ఆట నడుస్తుందో లేదో ముందే చూసుకోవడానికి ప్రోటాన్‌డీబీ అని ఆడినవాళ్ళ అనుభవాల పట్టిక ఉంది. మెషీన్‌ని ముట్టుకునే ముందు పిల్లల చేత ఆడే ఆటలన్నీ కాగితం మీద రాయించి, ఒక్కొక్కటీ అందులో చూడండి.

మరీ పాత మెషీన్లకి ఒక హద్దు ఉంది. డీఎక్స్‌వీకే కొత్త వెర్షన్లకి వల్కన్ 1.3 తెలిసిన కార్డు కావాలి. 1050 టీఐకి ఇబ్బంది లేదు. 2012 నాటి మూడో తరం ఇంటెల్‌లో ప్రాసెసర్‌తో వచ్చిన గ్రాఫిక్స్ మాత్రమే ఉంటే కొత్త ఆటలు ఆశించకండి. పాత ఆటలు, చదువు, బ్రౌజర్ వరకు అది బాగానే పనికొస్తుంది.

పద్ధతికి వస్తే, నేను మొదటిసారివాళ్ళకి లినక్స్ మింట్ అంటాను. మింట్ 22 వరుసకి 2029 దాకా మరమ్మతులు వస్తాయి. ముందు ఫోటోలు, పత్రాలు వేరే డిస్క్‌లోకి తీసి, తీసినవి తెరుచుకుంటున్నాయో లేదో ఇంకో కంప్యూటర్‌లో చూసుకోండి. ఈ ఒక్క పని మాత్రం పిల్లలకి అప్పజెప్పకండి. పెళ్ళి ఫోటోలు పోతే లినక్స్‌నీ నన్నూ కలిపి తిడతారు. మింట్ వాళ్ళ సొంత సైట్ నుంచే ఫైల్ దింపి, ఎనిమిది జీబీ పెన్‌డ్రైవ్ మీద ఎక్కించి, దాని నుంచే కంప్యూటర్ ఆన్ చెయ్యండి. ఏమీ ఇన్‌స్టాల్ చెయ్యకుండానే మొత్తం కళ్ళ ముందుంటుంది. వైఫై వస్తోందా, స్పీకర్ మోగుతోందా, ప్రింటర్ కదులుతోందా చూసుకోవచ్చు. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ లాగేస్తే మీ విండోస్ మీకుంటుంది.

నచ్చి ఇన్‌స్టాల్ చేశాక, ఎన్‌విడియా కార్డుంటే డ్రైవర్ మేనేజర్‌లో సూచించిన డ్రైవర్ ఎంచుకోండి. ఏఎండీ, ఇంటెల్‌కి ఆ పని లేదు. చాలామంది ఇబ్బందిపడే చోటు ఇంకొకటుంది. విండోస్‌లో డి డ్రైవ్‌లో ఉన్న ఆటలని అక్కడి నుంచే నడుపుదామని చూస్తారు. ఆ డ్రైవ్ ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతిలో ఉంటుంది, ప్రోటాన్ దానితో పేచీ పెడుతుంది. లినక్స్ సొంత పద్ధతి ఈఎక్స్‌టీ4లో ఉన్న చోటికి ఆటలని మళ్ళీ దింపుకోండి. హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయించుకోగలిగితే, కొత్త కంప్యూటర్ ధరలో చిన్న భాగానికే మెషీన్‌కి ప్రాణం లేచొస్తుంది.

బ్యాంకు మనిషిగా ఇంకో మాట. లినక్స్ వేశాం కదా, భయం లేదు అనుకోవద్దు. ఓటీపీ చెప్తే లినక్స్‌లోనూ డబ్బు పోతుంది. దొంగ ఆటని వైన్‌లో నడిపితే, అందులో ఉన్న పురుగుకి మీ ఫోల్డర్లు కనిపిస్తాయి. అందుకే ఒకే కంప్యూటర్‌లో రెండు ఖాతాలు తెరవండి. పిల్లవాడి ఖాతాకి అడ్మిన్ అధికారం ఉండకూడదు. నాన్న ఖాతాలో ఆటలు ఉండకూడదు. లాకర్‌కి రెండు తాళాలు పెట్టుకున్న వాళ్ళం, ఇది మనకి కొత్త కాదు. ఆఫీసు పని కోసం విండోస్ తప్పనిసరి అయిన ప్రోగ్రామ్‌లు, డిజిటల్ సంతకం టోకెన్లు వాడేవాళ్ళు మాత్రం పూర్తిగా మారే ముందు వాటిని పరీక్షించుకోండి. అవసరమైతే రెండు వ్యవస్థలూ పక్కపక్కన పెట్టుకోవచ్చు.

ఆటలతో సంబంధం లేకపోయినా అమ్మలకి నచ్చే సంగతి ఒకటుంది. మింట్‌ని తెలుగులో పెట్టుకోవచ్చు, కొన్నిచోట్ల మాత్రం ఇంగ్లీషు మిగిలే ఉంటుంది. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ వాళ్ళు తెలుగులో లినక్స్ కోసం చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నారు. సిలికానాంధ్ర వాళ్ళ తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. 2020 డిసెంబరులో ఈ రాష్ట్ర మంత్రివర్గం మన ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళని దృష్టిలో పెట్టుకుని తెలుగుకి అధికార భాష హోదా ఇచ్చింది. ఇక్కడ పుట్టి బెంగాలీ, హిందీ, ఇంగ్లీషు గడగడా చదివే మన పిల్లల్లో కొందరికి తెలుగు మాట వస్తుంది, అక్షరం రాదు. రోజూ నొక్కే బొత్తాల మీద తెలుగు కనిపిస్తే నాలుగు అక్షరాలైనా పట్టుబడతాయని మా ఇంట్లో ప్రయత్నం చేస్తున్నాం. మా అమ్మాయికి "దస్త్రం" అంటే ఏమిటో ఆట మధ్యలో అడగాల్సి వచ్చింది.

మూల బల్ల మీద మింట్ ఎక్కించిన పెన్‌డ్రైవ్‌లు నాలుగు, పాత ల్యాప్‌టాప్ ఒకటి పెట్టాను. ఆటల జాబితా రాసుకొచ్చిన పిల్లలు ముందు రండి, ఒక్కొక్క ఆటా కలిసి చూద్దాం. వాలరెంట్ బృందం టీ అయ్యాక రండి, మీ నాన్నగారి నెట్ బ్యాంకింగ్‌ని ఆ కంప్యూటర్ నుంచి ఎలా తప్పించాలో మాట్లాడుకుందాం.