పనియు, దాని నివేదికయు



కంప్యూటరు తెరపై ఎడమనుండి కుడికి నిండుచుండు చారను మీరందరును చూచియే యుందురు. నూటికి ఇరువది, నలువది, అరువది అనుచు అది చెప్పు మాటను నమ్మి మనము వేచియుందుము. ఆ మాట ఎంతవరకు సత్యము? నేను సాహిత్య పట్టభద్రుడనే కాని యంత్రశాస్త్రజ్ఞుడను గాను. అయినను నివేదికల నడుమ ఉద్యోగము చేయువానికి ఈ ప్రశ్న పరాయిది కాదు.

ఇట్టి ప్రగతిసూచికలను 1985లో బ్రాడ్ మయర్స్ అను శాస్త్రజ్ఞుడు పరిశీలించి, వేచియుండువారు వానిని కోరుదురని చూపెను. వేచియుండుటకంటె, ఏమి జరుగుచున్నదో తెలియకుండుట కష్టము గదా!

పెద్దపని నడచునప్పుడు తెర స్తంభింపకుండుటకై ప్రోగ్రాము వ్రాయువారు ఆ పనిని వెనుకగదికి పంపుదురు. తెరను దిద్దు అధికారము మాత్రము ముందుగదిలోని ఒక్క గుమాస్తాకే యుండును. కనుక వెనుకగదివాడు తన ప్రగతిని చీటీలపై వ్రాసి పంపవలెను. మైక్రోసాఫ్టువారి సి-షార్ప్ భాషలో 2012లో ఎసింక్, అవెయిట్ అను పదములు చేరినవి. ఆ సంవత్సరమే వెలువడిన డాట్‌నెట్ 4.5లో ఈ చీటీలకై ‘ప్రోగ్రెస్’ అను సాధనమును ఏర్పడినది. ఇచ్చట గమనింపదగినది యొకటి కలదు. పంపినవాడు చీటీ చేరువరకు ఆగడు. తపాలాపెట్టెలో వేసి తన పనికి మరలును.

అందువలన రెండు చిక్కులు కలుగవచ్చును. కొన్ని సందర్భములలో పని ముగిసెనన్న వార్త ముందును, చివరి చీటీ తరువాతను చేరును. ‘పూర్తి’ అని వ్రాసిన తెరపై మరుక్షణము ‘తొంబది’ ప్రత్యక్షమగును. ఇక తెరలేని ప్రోగ్రాములలో ఆ ఒక్క గుమాస్తాయు ఉండడు. ఖాళీగా నున్నవా రెవరైనను చీటీలు విప్పుదురు. అప్పుడు నలువది తరువాత ముప్పది వినబడినను ఆశ్చర్యము లేదు.

దీనికి మందు మన కార్యాలయములలోనే యున్నది. ప్రతి చీటీకిని వరుససంఖ్య వేయవలెను. పాతసంఖ్యతో ఆలస్యముగ వచ్చినదానిని ప్రక్కకు పెట్టవలెను. అడుగడుగునకును చీటీ పంపి ముందుగదివానిని ముంచివేయరాదు. అన్నిటికంటె ముఖ్యముగ, ‘పూర్తి’ అను వార్తయు అదే సంచిలో, అదే దారిని, కడపటి చీటీగా రావలెను.

ఇది నిపుణుల ముచ్చట మాత్రమే యనుకొనరాదు. దూరమున నున్న యొక వృద్ధ పింఛనుదారు తన పత్రమును పంపుచున్నాడనుకొందము. పత్రము భద్రపడకమునుపే తెర ‘నూరు’ అన్నచో, ఆయన తృప్తితో యంత్రమును కట్టివేయును. పత్రము చేరలేదన్న సంగతి పింఛను ఆగిననాడు తెలియును. అబద్ధము చెప్పినది చిన్న చార, అనుభవించువాడు మనిషి.

మన నివేదికలలో ఆర్థికప్రగతిని, భౌతికప్రగతిని వేర్వేరుగ చూపుట ఇందుకే. ధనము నూటికి తొంబది వ్యయమైనంత మాత్రమున వంతెన ఏటికి అడ్డముగ తొంబదిపాళ్లు నిలువదు. నివేదిక పనికి వెనుకగ నడచినను క్షమింపవచ్చును. పనికంటె ముందు పరుగెత్తరాదు.