చెరువు దాచిన టాంకు

మా నందిగామ, జగ్గయ్యపేట సీమలో టాంకు అనగా చెరువు. ఇంజనీర్ల దస్తరములలో నేటికిని అదే మాట. నేడు మేము చెప్పబోవునది యుద్ధపు టాంకును గూర్చి. అయినను కథ నీటిలోనే మొదలగుచున్నది.

ఎస్టోనియా దేశమున కుర్ట్నా అను చోట చిన్న సరస్సు కలదు. 1944లో వెనుకకు మరలుచున్న జర్మనులు, రష్యనులనుండి తాము పట్టుకొనిన టి-34 టాంకు నొకదానిని అందులోనికి తోలి విడిచిరి. ఒడ్డువరకు పోయిన దాని జాడలను ఒక పల్లె బాలుడు చూచెను. తిరిగివచ్చిన జాడ లేదు. ఆ జ్ఞాపకమే ఆధారముగా వెదకి, 2000 సెప్టెంబరు 14న దానిని బుల్డోజరుతో వెలికి లాగిరి. ఇంచుమించు 30 టన్నుల ఇనుము! లోపల నూటికి పైగా ఫిరంగిగుండ్లు.

ఏబదియారేండ్లు నీట మునిగియున్నను అది అంతగా తుప్పు పట్టలేదు. శ్రోతలకు వింతగా తోచవచ్చును. తుప్పుకు నీరొక్కటియే చాలదు, ప్రాణవాయువును కావలెను. అడుగునున్న మెత్తని బురద గాలిని సోకనీయలేదు. గట్టుమీద తడిసి ఆరుచుండు గడ్డపారయే త్వరగా చెడునని మా రైతులెరుగుదురు.

కనుక అసలు గండము బయటికి వచ్చిన పిదపనే. బురద కడిగి, ఒక్కొక్క భాగమును విప్పి, ఆరబెట్టి, నూనె పట్టింపవలెను. లాగుటకు ఒక దినము, బాగుచేయుటకు ఏండ్లు. 1943లో ట్యునీషియాలో ఆంగ్లసేనకు చిక్కిన టైగరు టాంకు బోవింగ్టన్ ప్రదర్శనశాలలో నున్నది. 1990లో మొదలిడిన మరమ్మతు తరువాత అది ఇంజనుతో కదలుటకు 2003 వరకు పట్టెను.

రంగు వేసి మెరిపించుటయే బాగుసేత యని కొందరి భ్రమ. కుర్ట్నా టాంకుపై జర్మను గుర్తులుండుట వలననే కదా, అది చేతులు మారిన సంగతి తెలిసినది! గీకివేసినచో ఆ సాక్ష్యము పోవును.

సాక్ష్యము పోవుట యెట్టిదో జగ్గయ్యపేట ఎరుగును. 1882లో బర్జెస్ దొర ధనంబోడుపై స్తూపమును పరిశీలించునాటికే చాల రాళ్లు తరలిపోయినవి. మిగిలిన మాంధాత చక్రవర్తి ఫలకమును చూడవలెనన్న మదరాసు మ్యూజియమునకు పోవలసినదే.

మన చెరువుల పూడిక తీయునపుడు చెక్కిన రాయి గాని, ప్రాత లోహపు వస్తువు గాని తగిలినచో, తూకమునకు వేయకమునుపే తహసీలుదారునకు తెలుపవలెను. గుండువలె కనబడునది యేదైనను ముట్టరాదు. పిల్లలను దూరముగా నుంచి పోలీసువారికి కబురంపవలెను.